చీటీ రాసి పంపినా వాళ్లు పెద్దాసుపత్రికి ఎందుకు చేరడం లేదు?

సిస్టర్, నమస్కారం.

మీ ప్రశ్నను ముందుగా రెండు మాటల్లో మళ్లీ చెబుతాను, చదివే మిగతావారికీ అర్థమవుతుంది. మీరు హైదరాబాద్ దక్షిణపు అంచున ఒక బస్తీ దవాఖానాలో స్టాఫ్ నర్సు. బాలాపూర్ వైపు గుడిసెల్లో ఉండే రోహింగ్యా మహిళలు తలనొప్పి, గుండె దడ, ఒళ్లంతా మంటలు, నిద్ర లేకపోవడం అంటూ నెలకు రెండు మూడుసార్లు వస్తున్నారు. పరీక్షల్లో ఏమీ బయటపడడం లేదు. ఆరు నెలల్లో తొమ్మిది మందికి మానసిక వైద్య విభాగానికి చీటీ రాసి పంపారు. ఒక్కరూ వెళ్లలేదు. "వాళ్లకు అవగాహన లేదు, మనం చేయగలిగింది ఇంతే" అని మీ పైవారు అన్నారు. అది నిజమేనా అని అడిగారు.

నేను పదిహేడేళ్లుగా మానసిక వైద్య విభాగాల్లో సామాజిక కార్యకర్తగా పనిచేస్తున్నాను. అందులో తొమ్మిదేళ్లు ఆ గుడిసెల మధ్యనే గడిచాయి. అవగాహన లేదన్న మాటను నేను ఒప్పుకోను. తన బాధకు ఎక్కడో మందు ఉంటుందని నమ్మబట్టే ఆ తల్లి బిడ్డను చంకన వేసుకుని వచ్చి మీ వరుసలో నిలబడింది. మీ చీటీకీ డాక్టరు గదికీ మధ్య ఉన్న దారిలో ప్రతి మలుపులోనూ మనం ఆమె దగ్గర లేనిదాన్నే అడుగుతున్నాం. కాగితం అడుగుతాం, మన భాష అడుగుతాం, ఒక రోజు కూలి అడుగుతాం, ఒంటరిగా బయటకు వచ్చే స్వేచ్ఛ అడుగుతాం. చివరికి ఆమె దాచుకున్న కథను కూడా మొదటి రోజే అడుగుతాం. ఇన్ని ఇచ్చుకోలేక ఆమె మళ్లీ మీ దగ్గరకే నొప్పి మాత్రల కోసం వస్తోంది.

వీళ్లు ఎవరన్నది క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే తర్వాత వచ్చే విషయాలన్నీ దాని మీదే నిలబడతాయి. మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం వీళ్లది. 1982 నాటి పౌరసత్వ చట్టం వీళ్లను ఆ దేశ పౌరులుగా గుర్తించలేదు. 2012లో అక్కడ జరిగిన హింస తర్వాత కొందరు, 2017 ఆగస్టు 25 తర్వాత మరికొందరు వచ్చారు. ఆ ఒక్క దఫాలోనే కొద్ది నెలల్లో 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పారిపోయారు. భారతదేశంలో 40 వేల మంది వరకు ఉంటారని 2017లో ప్రభుత్వం పార్లమెంటులో అంచనా చెప్పింది. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ దగ్గర పేరు నమోదైనవారు అందులో సగానికి అటూ ఇటూ. హైదరాబాద్‌లో కొన్ని వేల మంది బాలాపూర్, షాహీన్‌నగర్, బార్కస్, కిషన్‌బాగ్ చుట్టుపక్కల ఉంటున్నారు. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, శరణార్థుల కోసం ప్రత్యేకమైన చట్టమూ లేదు. కాబట్టి ఆ సంస్థ ఇచ్చిన కార్డు వాళ్ల దగ్గర ఉన్నా, మన కౌంటర్‌లో కూర్చున్న గుమస్తా దృష్టిలో అది గుర్తింపు కార్డుల జాబితాలో లేని ఒక కాగితం.

ఇక కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో నేను చూసినది చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం నేనూ మీలాగే చీటీలు రాసి పంపేదాన్ని. ముప్పై కూడా నిండని ఒక తల్లికి ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి చీటీ రాశాను. వారం తర్వాత అడిగితే "ఆసుపత్రి మూసి ఉంది" అంది. మరోసారి పంపాను. "డాక్టర్ లేడు" అంది. మూడోసారి నేనే వెంట వెళ్లాను. ఆసుపత్రి తెరిచే ఉంది. వరుసలో నలభై నిమిషాలు నిలబడ్డాక కిటికీ దగ్గరకు చేరాం. లోపలి మనిషి తల ఎత్తకుండానే అడగడం మొదలుపెట్టాడు. పేరు? చెప్పింది. ఇంటిపేరు? లేదు, వాళ్లలో ఇంటిపేర్లు ఉండవు. భర్త పేరు? కాసేపు మౌనం. పుట్టిన తేదీ? కార్డు మీద జనవరి 1 అని ఉంది, అసలు తేదీ ఎవరికీ తెలియనప్పుడు అలాగే రాస్తారు. ఆధార్? లేదు. ఫోను నంబరు? పెదనాన్న కొడుకు నంబరు కంఠతా వచ్చు గాని, ఒక అంకె దగ్గర తడబడింది. వెనక నిలబడ్డవారు "ఆధార్ లేకుండా ఎందుకు వస్తారమ్మా" అని విసుక్కున్నారు. ఆమె తన కార్డును ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని గుడ్డలో చుట్టి, దాన్ని జాకెట్‌లో దాచుకుంది. దాన్ని అందరి ముందు తీయడానికి పక్కకు తిరిగింది. ఆ కొద్ది క్షణాల్లో గుమస్తా "తర్వాత" అని వెనకవారిని పిలిచాడు.

ఆమె నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. ఆ చూపులో కోపం లేదు. అంతకు ముందు రెండుసార్లు కూడా ఆమె ఆ కిటికీ దాకా వెళ్లి తిరిగి వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది. నేను రాసిన చీటీ పనికిరాలేదని నాతో చెప్పడం ఇష్టం లేక, నన్ను నొప్పించకుండా ఆసుపత్రే మూసి ఉందని చెప్పింది. మీ తొమ్మిది మందిలో కూడా కిటికీ దాకా వెళ్లి వచ్చినవారు ఉండే ఉంటారు. మెల్లగా అడిగి చూడండి.

ఇక్కడ మీ చేతికి ఒక ఆయుధం ఇస్తాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 18వ సెక్షన్ మానసిక వైద్యం పొందే హక్కును "ప్రతి వ్యక్తికీ" ఇచ్చింది. పౌరులకు మాత్రమే అని ఎక్కడా అనలేదు. మతం, సంస్కృతి, కులం, వర్గం, మరే ఇతర కారణం మీదైనా వివక్ష చూపకూడదని అదే సెక్షన్ చెబుతోంది. మీకు అన్నిటికన్నా అక్కరకు వచ్చేది 18(7). దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, ఆ కార్డు చేతిలో ఉన్నా లేకపోయినా, దిక్కులేనివారికి, ఇల్లు లేనివారికి ప్రభుత్వ మానసిక వైద్య కేంద్రాల్లో చికిత్స పూర్తిగా ఉచితంగా అందాలి. "కార్డు ఉన్నా లేకపోయినా" అన్నది చట్టంలోనే ఉన్న మాట. నేను ఈ సెక్షన్‌ను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అచ్చు వేయించి సంచిలో పెట్టుకుని తిరుగుతాను. గుమస్తాతో వాదన పెట్టుకోను. ఆయన రోజుకు వందల మందికి చీటీలు రాసే మనిషి, కంప్యూటర్‌లో ఒక గడి నిండకపోతే ముందుకు కదలని తెర ఆయన ముందు ఉంది. నేరుగా వైద్య పర్యవేక్షకుల గదికి వెళ్లి ఆ కాగితం చూపిస్తాను. చాలాసార్లు పని జరిగింది.

భారత రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కు పౌరులు కానివారికీ వర్తిస్తుందని అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఆసుపత్రిలో ఎవరైనా "వీళ్లకు వైద్యం చేస్తే మనకు ఇబ్బంది" అంటే ఈ మాట గుర్తుచేయండి. అలా అనేవారిలో చాలామంది చెడ్డవారు కారు. భయపడుతున్నారు, అంతే.

అసలు భయం అటువైపు ఉంది. 2021 మార్చిలో జమ్మూలో పత్రాల పరిశీలన పేరుతో పిలిచి 150 మందికి పైగా రోహింగ్యాలను నిర్బంధ కేంద్రానికి తరలించారు. ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, నిర్ణీత విధానం పాటించకుండా వాళ్లను దేశం దాటించవద్దని చెబుతూనే, విడుదల చేయించడానికి నిరాకరించింది. జమ్మూ ఎక్కడ, బాలాపూర్ ఎక్కడ! కానీ ఆ వార్త సాయంత్రానికి ఇక్కడి ప్రతి ఫోనులోనూ ఉంది. తర్వాత రెండు వారాలు మేము కూర్చునే గదికి ఒక్క మనిషి రాలేదు. మందులు అయిపోయినవాళ్లు కూడా రాలేదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం వచ్చినప్పుడు మళ్లీ అదే జరిగింది. పేరు రాసుకునే ప్రతి పుస్తకమూ వాళ్లకు ఒకేలా కనిపిస్తుంది. ఓపీ రిజిస్టర్‌కూ పోలీసు రిజిస్టర్‌కూ తేడా మనకు తెలుసు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

దీనికి తోడు మా వృత్తిలోనే ఒక చిక్కు ఉంది. నేను దీన్ని ఆలస్యంగా గ్రహించాను, అందుకే మీకు వివరంగా చెబుతున్నాను. కొత్త రోగి రాగానే మానసిక వైద్య విభాగంలో మేము ఏమేం అడుగుతామో తెలుసు కదా. ఎక్కడ పుట్టారు, ఇక్కడికి ఎప్పుడు వచ్చారు, ఎలా వచ్చారు, ఎవరితో వచ్చారు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఏం పని చేస్తారు. ఇది మాకు రోగి చరిత్ర రాసుకునే మామూలు పద్ధతి. ఇప్పుడు ఇవే ప్రశ్నలను ఆమె చెవితో వినండి. సరిహద్దు దగ్గర అడిగినవి ఇవే. శరణార్థి కార్డు కోసం జరిగిన ఇంటర్వ్యూలో అడిగినవి ఇవే. గుడిసెల దగ్గరకు వచ్చే పోలీసులు అడిగేవి ఇవే. ప్రతిచోటా జవాబు ఒకేలా ఉండాలి, తేదీ మారకూడదు, మారితే ప్రమాదం. కాబట్టి ఆమె మనకు కూడా కంఠస్థం చేసిన కథే చెబుతుంది. ముఖంలో ఏ భావమూ కనిపించకుండా, తేదీలతో సహా చెబుతుంది. అది విని యువ వైద్యుడు "భావోద్వేగాలు మొద్దుబారాయి" అని రాసుకుంటాడు. లేదా రెండోసారి వచ్చినప్పుడు వివరం కొంచెం మారితే "నమ్మదగిన సమాచారం కాదు" అని రాస్తాడు. రెండూ నా కళ్లతో చదివాను.

ఇప్పుడు నేను మొదటి రోజు గతం జోలికే పోను. నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, పొద్దున ఏం తిన్నావు, పిల్లకు పాలు సరిపోతున్నాయా, పనికి వెళ్లగలుగుతున్నావా, ఇవే అడుగుతాను. పెన్ను కింద పెట్టేస్తాను. రాయాల్సి వస్తే ఏం రాస్తున్నానో ఆమెకు చెప్పి, అది ఎవరికీ ఇవ్వనని చెప్పి రాస్తాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ ఈ గోప్యతకు హామీ ఇస్తోంది. మీ దవాఖానాలోనూ ఇలా మొదలుపెట్టవచ్చు. దీనికి డబ్బు ఖర్చు లేదు, పైవారి అనుమతి అవసరం లేదు.

భాష సంగతి చెప్పాలంటే రాత్రంతా చెప్పవచ్చు. రోహింగ్యా భాషకు చిట్టగాంగ్ వైపు మాట్లాడే బెంగాలీతో దగ్గరి చుట్టరికం. మగవాళ్లు పాత ఇనుము ఏరుతూ, కూలి పనులకు తిరుగుతూ మన ఉర్దూ నేర్చుకుంటారు. ఆడవాళ్లలో చాలామందికి అది నాలుగు మాటల దగ్గరే ఆగిపోతుంది. "దర్ద్", "నీంద్ నహీ", "గోలీ". ఆ నాలుగు మాటలతో వాళ్లు మీ దగ్గర చెప్పగలిగింది ఒళ్లునొప్పి ఒక్కటే. అందుకే మీ రిజిస్టర్ నిండా ఒళ్లునొప్పులే ఉన్నాయి.

ఒకసారి ఒక పెద్దావిడ నా ఎదుట కూర్చుని ఏదో చెబుతోంది. దుబాసి ఇంకా రాలేదు. నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఉన్నట్టుండి ఒక మాట చెవిన పడింది: "చింతా లాగెర్". చింత! మన చింతే. మళ్లీ అంది: "అశాంతి లాగెర్". దాన్ని ఎవరూ నాకు అనువదించనక్కరలేదు. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని "అశాంతి" అంటుంటే, నేనూ గుండె మీద చెయ్యి వేసుకుని "అశాంతి?" అని అడిగాను. ఆవిడ ఏడ్చేసింది. తొమ్మిదేళ్లలో నాకు దొరికిన అన్నిటికన్నా పనికొచ్చే రెండు మాటలు ఇవే, వీటిని మీకు ఇస్తున్నాను. "డిప్రెషన్ ఉందా" అని ఎవరినీ అడగవద్దు. మన ఊళ్లలో మాత్రం ఎవరు అంటారు ఆ మాట? బెంగ పెట్టుకుంది అంటాం, దిగులు అంటాం, తెలంగాణలో మనాది అంటాం. వాళ్లకూ అలాంటి మాటలే ఉన్నాయి. నొప్పిని వాళ్లు "బిష్" అంటారు, మన విషమే అది. తలలో విషం, ఒంట్లో విషం అని చెప్పే మనిషి అబద్ధం చెప్పడం లేదు, అతిశయోక్తీ లేదు.

పిల్లలను మాత్రం దుబాసీలుగా కూర్చోబెట్టవద్దు. ఇది బతిమాలి చెబుతున్నాను. బడికి వెళ్లే పిల్లలకు తెలుగు, ఉర్దూ వస్తాయి కాబట్టి తల్లులు వాళ్లనే వెంట తెచ్చుకుంటారు, మనకూ సులువుగా ఉంటుంది. పదకొండేళ్ల ఒక అమ్మాయి తన తల్లి పక్కన నిలబడి నాకు అనువదిస్తోంది. తల్లి చాలాసేపు మాట్లాడింది, గొంతు వణికింది. అమ్మాయి నా వైపు తిరిగి "కడుపులో నొప్పి అంటోంది" అని చెప్పింది. నేను మళ్లీ అడిగాను. మళ్లీ "కడుపులో నొప్పి". తర్వాత ఒక పెద్ద మహిళ ద్వారా తెలిసింది, ఆ తల్లి చెప్పింది తన కొడుకు చావు గురించి, తాను కూడా చనిపోవాలనుకున్న రాత్రి గురించి. ఆ అమ్మాయికి అంతా అర్థమైంది. మాకు చెప్పలేక కడుపునొప్పి అంది. ఆ రోజు వైద్యం అవసరమైనవాళ్లు ఇద్దరయ్యారు, రెండో గాయం మా చేతులతో చేసింది.

అయితే పెద్దవాళ్లను దుబాసీలుగా పెట్టుకున్నా ఒక మెలిక ఉంది. వాళ్లూ అదే గుడిసెల్లో ఉంటారు. మధ్యలో తడిక గోడ తప్ప ఏమీ లేదు. ఇక్కడ చెప్పిన మాట సాయంత్రం నీళ్ల ట్యాంకరు దగ్గర వినిపిస్తుందన్న భయం ప్రతి ఒక్కరికీ ఉంటుంది. మేము చేసిందేమిటంటే, ఒక కాలనీ మనిషికి మరో కాలనీ నుంచి దుబాసిని పిలిపించడం. ఆడవాళ్లకు ఆడవాళ్లనే. మొదటి ఐదు నిమిషాలు దుబాసి చేతనే "ఇక్కడి మాట బయటకు తీసుకెళ్లను" అని ఆమె భాషలో చెప్పించడం. ఆ దుబాసికి రోజు కూలి తప్పకుండా ఇవ్వాలి. సేవగా చేయమంటే రెండు వారాలు వస్తారు, మూడో వారం పూట గడవక పనికి పోతారు. అది వాళ్ల తప్పు కాదు. ఆ మహిళలు తమవే అయిన కథలను ఇతరుల నోట వింటూ మాకు చెబుతారు. సాయంత్రం వాళ్లను కూర్చోబెట్టి టీ ఇచ్చి, నీకు ఎలా ఉంది అని అడగడం కూడా ఆ పనిలో భాగమే.

లైంగిక హింస గురించి ఒక్క మాట. 2018 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం ఇచ్చిన నివేదిక మయన్మార్ సైన్యం చేసిన అత్యాచారాలను నమోదు చేసింది. మీ దగ్గరకు వచ్చేవారిలో అలాంటి అనుభవం ఉన్నవారు ఉండవచ్చు. మీరు అడగవద్దు. భర్త ముందు, అత్త ముందు, తెలిసిన దుబాసి ముందు అసలే వద్దు. ఆమె తనంతట తాను చెబితే వినండి, మధ్యలో ఆపకండి, వివరాలు తవ్వకండి. చెప్పిన తర్వాత ఆమె ఇంటికి క్షేమంగా వెళ్లగలదా అన్నదే మీరు చూడాల్సిన మొదటి సంగతి.

డబ్బు విషయం మీకు తెలిసిందే. బాలాపూర్ నుంచి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వెళ్లాలంటే నగరాన్ని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా దాటాలి. బస్సులు మారాలి, రోజంతా పోతుంది. ఆమె కూలి పోతుంది, తోడు వచ్చినవారి కూలీ పోతుంది. మందు మొదలుపెట్టాక కుంగుబాటు తగ్గడం కనిపించేది రెండు నుంచి నాలుగు వారాల తర్వాత. ఆ మాట ఎవరూ చెప్పరు. మూడు రోజులు మింగి ఏమీ తేడా లేదని మానేస్తారు, మళ్లీ వెళ్లరు. ఈ ఒక్క వాక్యాన్ని వాళ్ల భాషలో చెప్పించగలిగితే చాలామంది మందు మానకుండా నిలబడతారు. ఇది శరణార్థుల కష్టం మాత్రమే అని కూడా అనుకోవద్దు. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆధార్, భాష, సొంత ఇల్లు అన్నీ ఉన్న మనవారి పరిస్థితే అది.

జిన్ను పట్టిందని మౌల్వీ దగ్గరకు, తాయెత్తుల దగ్గరకు వెళ్తారని మీరు రాశారు. వెళ్లనివ్వండి. తాయెత్తు కట్టుకుంటే మా మందు పనిచేయకుండా పోదు. నేను ఆ కాలనీలోని ఇమామ్‌ను కలిసి, నిద్ర లేకుండా రెండు వారాలు దాటినవారిని మా దగ్గరకు కూడా పంపమని అడిగాను. ఆయన పంపుతున్నారు. పెద్దాసుపత్రి కన్నా ఆయన దగ్గర నుంచే మాకు ఎక్కువ మంది వచ్చారు. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనుక్కునే నిద్రమాత్రలే నన్ను కలవరపెట్టేవి. వాటి గురించి మాత్రం గట్టిగా చెప్పండి.

ఇక్కడ ఒక విషయం పక్కకు వెళ్లి చెప్పాలి. బర్మా, అంటే ఇప్పటి మయన్మార్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవారు మనకు కొత్త కాదు. ఒకప్పుడు రంగూన్ రేవులో మూటలు మోసిన వేల మంది తెలుగువారిని అక్కడివారు "కోరంగీలు" అనేవారు, గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మీద. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు కొన్ని లక్షల మంది భారతీయులు బర్మా వదిలి బయల్దేరారు, అడవుల్లో నడుస్తూ ఎందరో దారిలోనే రాలిపోయారు. 1962లో సైన్యం అధికారం తీసుకున్నాక మళ్లీ ఇంకొందరు వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే. మా నాయనమ్మ అక్కగారు ఆ 1942 నడకలో వచ్చినవారు. చనిపోయేవరకు రాత్రిళ్లు చెప్పులు తలగడ కింద పెట్టుకుని పడుకునేవారు. మేము పిల్లలం నవ్వేవాళ్లం. ఆవిడను ఎవరూ ఏమీ అడగలేదు, ఆవిడా ఎవరికీ చెప్పలేదు. బాలాపూర్‌లో ఒక గుడిసెలో తలగడ పక్కన చెప్పులు, వాటి పక్కనే మూట కట్టి సిద్ధంగా ఉంచిన కాగితాలు చూసినప్పుడు నాకు ఆవిడ గుర్తుకు వచ్చారు.

ఒక తేడా ఉంది. మా పెద్దావిడ విశాఖకు చేరాక, ఆమెను ఎవరూ తిరిగి పంపించేస్తామని అనలేదు. వీళ్లకు ఆ బెదిరింపు ప్రతి ఎన్నికల ముందూ వినబడుతుంది. గుడిసె ఖాళీ చేయమని స్థల యజమాని అంటాడు. ఒక వేసవిలో నిప్పంటుకుని వరస కాలిపోతుంది. కాబట్టి "జరిగిపోయినదాని వల్ల వచ్చిన జబ్బు" అని మా పుస్తకాల్లో రాసుకున్న పేరు వీళ్లకు సగమే సరిపోతుంది. రఖైన్ జ్ఞాపకాలకు మందు ఇచ్చి, రేపు ఎక్కడ పడుకుంటామో తెలియని దిగులును వదిలేస్తే ఆ మనిషికి నిద్ర రాదు. సంక్షోభాల్లో మానసిక ఆరోగ్యం గురించి 2007లో అంతర్జాతీయ సంస్థలు ఉమ్మడిగా రాసుకున్న మార్గదర్శకాల్లో కూడా భద్రత, తిండి, గూడు అట్టడుగున పునాదిగా ఉంటాయి. వైద్యుడి గది పైన, చిన్న మొన దగ్గర ఉంటుంది. మేము ఒక తల్లికి మూడు నెలలు మందులు మార్చి మార్చి ఇచ్చాం. కొడుకును పక్క బడిలో చేర్చిన వారం నుంచి ఆమె నిద్రపోయింది. మందు అనవసరమని అనను, మందుతోనే బతికినవారిని చూశాను. మందు ఒక్కటే రాయడం చాలదు.

అందుకే మా పనిలో ఎక్కువ భాగం ఇప్పుడు ఆసుపత్రి బయటే జరుగుతోంది. వైద్యులు కాని సామాన్యులకు శిక్షణ ఇచ్చి, ఐదు వారాల పాటు వారానికి ఒకసారి కూర్చుని సమస్యలను ఒక్కొక్కటిగా విడదీసుకునే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చింది. మేము దాన్ని కుట్టుపని నేర్చుకునే చోట పెట్టాం. మానసిక వైద్యానికి వెళ్తున్నానంటే పంపని భర్త, కుట్టుకు వెళ్తున్నానంటే పంపుతాడు. చేతులు గుడ్డ మీద ఉంటే కళ్లు కిందికి ఉంటాయి, మాట సులువుగా వస్తుంది.

కొన్ని సందర్భాల్లో మాత్రం చీటీతో ఆగవద్దు, ఆ రోజే మీరో మీ ఆశా కార్యకర్తో వెంట వెళ్లాలి. చావాలని ఉందన్నవారు, కాన్పు తర్వాత బిడ్డను ముట్టుకోనివారు, తిండీ నీళ్లూ మానేసినవారు, లేని మాటలు వినబడుతున్నవారు. చనిపోవాలని ఉందా అని నేరుగా అడగడానికి జంకవద్దు, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఆమెను ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ 14416కు ఏ వేళకైనా చేయవచ్చు. అక్కడ మాట్లాడే 20 భాషల్లో రోహింగ్యా లేదు, కాబట్టి ఫోను మీరే చేసి, దుబాసిని పక్కన పెట్టుకోండి. ఆసుపత్రిలో బంధువు సంతకం కావాలని అడిగితే కంగారుపడవద్దు. బంధువులంతా పోయినవారు కూడా తనకు నమ్మకమైన ఒకరిని ప్రతినిధిగా ఎంచుకోవచ్చు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ ప్రకారం దానికి తెల్లకాగితం, సంతకం లేదా వేలిముద్ర చాలు.

ఇక ఆ తొమ్మిది చీటీలు. మళ్లీ రాసేటప్పుడు వాటి మీద "రోహింగ్యా" అని రాయవద్దు. ఆ చీటీ ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు. వైద్యులకు ఆ సంగతి తెలియాలి, అది మీరు ఫోనులో చెప్పండి. చీటీ మీద మీరు చూసిన లక్షణాలు, ఎన్ని వారాలుగా ఉన్నాయో రాసి, కింద ఇలా రాయండి: "ఈమె మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 18(7) ప్రకారం ఏ కార్డుతోనూ నిమిత్తం లేకుండా ఉచిత చికిత్సకు అర్హురాలు. తెలుగు, ఉర్దూ రావు. వెంట వచ్చిన మహిళ దుబాసి, ఆమెను లోపలికి రానివ్వగలరు. నిద్ర, ఆకలి, పిల్లల సంరక్షణ గురించి ముందుగా అడగవలసిందిగా మనవి. తర్వాతి మందులు మా దవాఖానాలోనే ఇవ్వగలిగితే తెలియజేయగలరు."

దాని కింద మీ పేరు, మీ ఫోను నంబరు రాయండి. దవాఖానా నంబరు కాదు, మీదే. కిటికీ దగ్గర గుమస్తా ఆ నంబరుకు ఫోను చేసి "ఈమె ఎవరు" అని అడుగుతాడు. మీరు ఫోను ఎత్తి "మా మనిషే, పంపింది నేనే" అనండి. నేను వెంట వెళ్లలేని రోజుల్లో లోపలికి చేరిన చీటీలన్నీ అలా ఫోను వచ్చినవే.